శిక్ష ఖరారు రోజు లాయరు ఏమీ చెప్పలేదు, అప్పీలులో ఎత్తొచ్చా?

హత్యాయత్నం కేసులో మా తమ్ముడికి సెషన్స్ కోర్టు పదేళ్లు వేసింది. ఉచిత న్యాయసహాయం లాయరుగారు కేసు చేతికొచ్చిన మూడో రోజే వాదించారు. శిక్ష మీద ఏమంటారని జడ్జిగారు అడిగితే "దయ చూపండి" అన్నారంతే. అమ్మ డయాలసిస్ సంగతి, పిల్లల సంగతి ఎత్తనే లేదు. నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు: అక్కా, 2019 అనోఖీలాల్ తీర్పు చూపించండి. యావజ్జీవం పడే వీలున్న కేసుల్లో కనీసం 10 ఏళ్ల అనుభవమున్న లాయరునే పెట్టాలని, సిద్ధమవడానికి మామూలుగా 7 రోజులైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. హైకోర్టు అప్పీలుకు గడువు 60 రోజులే.

మరో జవాబు: "సరిగా వాదించలేదు" అంటే చాలదండి. నియామకం తేదీ, వాదన తేదీ రికార్డులోంచి చూపాలి. ఆసుపత్రి కాగితాలూ జతచేయండి.

అడిగినవారు: నియామకం 9న, వాదన 12న. తీర్పు కాపీ కోసం రేపే వెళ్తున్నాను.