నల్లా లైన్‌లోకి బోరు నీళ్లు వెనక్కి పోతున్నయి, ఎట్ల ఆపాలె?

మాది నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర. వంటింటికి పొద్దున 6 నుంచి 7 దాకా కృష్ణా నల్లా నీళ్లు, మిగతా టైంల మిద్దె మీది ట్యాంకుల బోరు నీళ్లు వస్తయి. రెండూ ఒకే ముప్పావు ఇంచు పైపుల కలుస్తయి. కలిసే జాగకు ముందు, నల్లా లైనుకు ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పోకుండ ఆపే వాల్వు) ఉంది.

నల్లా బంద్ అయినంక కూడా వాకిట్ల నల్లా తిప్పితే ఉప్పు నీళ్లు వస్తున్నయి. ఆ నల్లా వాల్వుకు అవతల, బజారు వైపు ఉంటది. రాత్రి ఎవరూ వాడకున్నా వెయ్యి లీటర్ల ట్యాంకు జానెడు దిగుతుంది. నల్లా లైను గేట్ వాల్వు కట్టేసి చూస్తే చుక్క దిగలే.

ఇత్తడి స్వింగ్ ఎన్‌ఆర్‌వీ విప్పి చూసిన. బాణం గుర్తు సరిగ్గనే ఉంది, పైపు అడ్డంగనే ఉంది. రేకు కింద ఇసుక రేణువు, టెఫ్లాన్ టేపు పోగు ఇరుక్కున్నయి. తీసేస్తే నాలుగు రోజులు ఆగింది, మళ్లీ మొదలు. స్ప్రింగ్ రకం వేస్తే వెనక్కి పోతలేదు గానీ, మా తక్కువ ప్రెషర్‌కు నల్లా నీళ్లు సన్నగ దారం లెక్క వస్తున్నయి. అందుకే పాతదే మళ్ల పెట్టిన.

మా బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 2.6 మిల్లీగ్రాములు. తాగే నీళ్లకు 1 మించొద్దు, వేరే దిక్కు లేకుంటే 1.5 దాకా. మా ట్యాంకు నీళ్లు బజారు పైపుల కలిసి పక్కింటి పిల్లలు తాగుతున్నరేమోనని నాకు నిద్ర పడతలేదు.

తక్కువ ప్రెషర్‌ల నమ్మకంగ పనిచేసే వాల్వు ఏదైనా ఉందా, లేక రెండు లైన్లు పూర్తిగ విడదీయాల్సిందేనా?