అప్‌డేట్: ఒకే కరెంటు మీటరు, మూడు పోర్షన్ల పంచాయితీ

మొన్న అడిగింది ఇది: నల్లగొండలో మూడు పోర్షన్ల ఇల్లు, మీటరు ఒక్కటే, బిల్లు మూడు భాగాలు చేస్తే ప్రతి నెలా కిరాయిదార్లతో లొల్లి. సబ్‌మీటర్లు పెట్టమన్నారు చాలామంది. పెట్టించిన. పంపకం తేలింది కానీ బిల్లు తగ్గలే. తప్పు స్లాబుల దగ్గర ఉంది, అంటే యూనిట్లు పెరిగేకొద్దీ పెరిగే రేట్ల దగ్గర.

పోర్షన్‌కు 120 యూనిట్లు అనుకోండి. ఒకే మీటరు మీద 360. నెలకు 200 దాటితే మొదటి 200కే యూనిట్‌కు 5.10, తర్వాతి 100కు 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. మొత్తం 2,330. విడి మీటర్లయితే తక్కువ స్లాబులో పడి ఒక్కోటి 436, మూడూ కలిపి 1,308 (ఫిక్స్‌డ్ చార్జీలు వేరే). పైగా తెల్ల రేషన్ కార్డు ఉన్న కిరాయిదారుకు 200 యూనిట్లలోపు గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తది. ఉమ్మడి మీటరులో అది గల్లంతే. అందుకే పోర్షన్‌కొకటి వేరే సర్వీసులకు (కనెక్షన్లకు) దరఖాస్తు పెట్టిన.

అప్పటిదాకా సబ్‌మీటర్లే దిక్కు. వాటిలో ఒకటి ఎక్కువ తిరిగింది. కారణం న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు): పాత వైరింగులో రెండు పోర్షన్లకు ఒకటే కలిపిన్రు. ఒక పోర్షన్ మెయిన్ బంద్ చేసి, పక్క పోర్షన్‌లో గీజర్ వేసి చూడండి. బంద్ చేసిన దాని మీటరు మీద ఎర్రలైటు మిణుకుమంటే న్యూట్రళ్లు విడదీయాల్సిందే. ఇన్వర్టర్ లైను న్యూట్రల్ కూడా చూడుమనండి, ఎలక్ట్రీషియన్లు దాన్నే మరుస్తరు.

బోరు మోటరు, మెట్ల లైటు మాత్రం ఓనర్ మీటరుకే కలపండి. ఒక హెచ్‌పీ మోటరు గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతది, ఆ ఖర్చును నెలవారీ మెయింటెనెన్స్‌లో కలుపుకోవచ్చు.