రేకు, పలక, పొర: ర్యాకు మీద ఏ మాట రాయాలి?

అందరికీ నమస్కారం. నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పని చేస్తాను. లేజర్ కటింగ్ మెషీనూ రెండు త్రీడీ ప్రింటర్లూ వచ్చాక సామాను ర్యాకులకు తెలుగు చీటీలు అంటించాలనుకున్నాను. ఇప్పుడున్న చీటీలన్నిటి మీదా ఒకటే మాట, షీటు. ఇనుప షీటు, అల్యూమినియం షీటు, యాక్రిలిక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) షీటు, ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే బోర్డు) షీటు, ప్లాస్టిక్ షీటు.

పోయిన నెల ఒక కుర్రాడు ‘ప్లాస్టిక్ షీటు’ ర్యాకులోంచి తెల్లటి ఫోమ్ బోర్డు తీసి లేజర్ కింద పెట్టాడు. ముందురోజు యాక్రిలిక్ చక్కగా తెగింది కదా, ఇదీ అంతే అనుకున్నాడు. రెండు అంగుళాలు తెగేసరికి ఘాటు వాసన, ముక్కుల్లో మంట. మెషీను ఆపేసి, కిటికీలు తెరిచి, పిల్లలందరినీ వరండాలోకి పంపేశాను. తర్వాత రాగి తీగను ఎర్రగా కాల్చి ఆ బోర్డుకి ఆనించి, మళ్ళీ మంటలో పెట్టాను. మంట పచ్చగా మారింది. అంటే అందులో క్లోరిన్ ఉంది, అది పీవీసీ. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, తేమ తగిలితే ఆమ్లం అవుతుంది. ఊపిరితిత్తులకు చేటు, మెషీనులో ఇనుముకి తుప్పు. ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేకపోయాను. మేం అంటించిన చీటీ వాడికి ఏమీ చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను. ‘షీటు’ అన్న ఒక్క మాట దగ్గర మనకి రేకు, పలక, పొర, తగడు ఉన్నాయి. నాకు తోచిన లెక్క ఇది: వంచితే వంగి, వంచినట్టే నిలిచేది రేకు. వంచబోతే విరిగేది పలక. ఇనుము, అల్యూమినియం, రాగి రేకులవుతాయి. యాక్రిలిక్, ఎండీఎఫ్ పలకలవుతాయి. పేరు చూడగానే చేతికి విషయం తెలుస్తుంది. సరిగ్గా ఉందంటారా?

ఫ్యాబ్రికేషన్ షాపు నడిపే సభ్యుడు:

మాస్టారూ, ఆలోచన బాగుంది గానీ మా ఇంటి మీదున్న సిమెంటు రేకుల సంగతేంటి? వాటిని వంచబోతే ముక్కలవుతాయి. మీ లెక్క ప్రకారం అవి సిమెంటు పలకలు కావాలి. ఎవరూ అలా అనరు. ముందు ఇనుప రేకులు కప్పేవాళ్ళు, తర్వాత వాటి చోటులోకి సిమెంటువి వచ్చాయి. చోటుతో పాటు పేరూ వచ్చింది. ఇప్పుడు ఫైబర్‌వి వచ్చినా ‘ఫైబర్ రేకులు’ అనే అడుగుతారు.

ఇంకోటి. మా దగ్గర రేకు అంటే గేజీ, అంటే మందం తెలిపే నంబరు, చెప్పాలి. గేజీ పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుంది. 16 గేజీ సుమారు 1.6 మిల్లీమీటర్లు, 20 గేజీ 0.9. కొత్త కుర్రాళ్ళు రోజూ దీనితోనే తికమక పడతారు. కొంత మందం దాటాక దాన్ని మేం రేకు అనం, ప్లేటు అంటాం. ఆ ప్లేటుకి మీ ‘పలక’ బాగానే సరిపోతుంది. చీటీ మీద మిల్లీమీటర్లు కూడా వేయండి.

కోనసీమ సభ్యురాలు:

రేకు మాట వచ్చింది కాబట్టి పూతరేకు గురించి చెప్పకుండా ఉండలేను. మా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరు మెషీన్లలో చేసే పని మా పిన్ని కుండ మీద చేస్తుంది. కుండ బోర్లించి కింద మంట పెడుతుంది. బియ్యప్పిండి జావలో పల్చటి గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టి ఆ కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. కన్నుమూసి తెరిచేలోగా పూత ఎండి పొరలా లేస్తుంది. అంచు పట్టి తీస్తే చేతిలో రేకు. అవతలి మనిషి కనపడేంత పల్చన.

అది పొడిగా ఉన్నప్పుడు మడిచితే విరుగుతుంది అన్నగారూ. కొంచెం తడి తగిలించాకే నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడతపెడతారు. అయినా దాని పేరు రేకే.

మళ్ళీ నేను:

ఇద్దరికీ ధన్యవాదాలు. నా లెక్క తప్పని ఒప్పుకుంటున్నాను. అమ్మా, మీరు చెప్పిన తడి సంగతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. యాక్రిలిక్ కథ కూడా అదే. చల్లగా ఉండగా వంచితే పెటుక్కుమంటుంది. వంచాల్సిన గీత వెంట వేడి తీగ పెట్టి 150 డిగ్రీల దాకా కాగనిస్తే మెత్తబడి వంగుతుంది, చల్లారాక అలాగే నిలుస్తుంది. దానికి వేడి, పూతరేకుకి తడి.

కాబట్టి రేకు అన్నది పదార్థం పేరు కాదు, గుణం పేరు కూడా కాదు. ఒక ఆకారం పేరు. వెడల్పు ఎక్కువ, మందం బాగా తక్కువ. పువ్వు రేకు కూడా అంతే కదా. ఒంటిరేక మందారం, ముద్ద మందారం అని తేడా చెప్పుకునే జాతి మనది.

సంగీతం నేర్పే సభ్యురాలు:

రేకుకి ఇంకో అర్థం మర్చిపోయారు, అది పుట. అన్నమయ్య కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద చెక్కి దొరికాయి. అందుకే ఇప్పటికీ సంకీర్తనల సంపుటాల్లో పాట పక్కన రాగంతో పాటు రేకు సంఖ్య ఉంటుంది. పిల్లలకు పాట చెప్పేటప్పుడు నేనూ రేకు సంఖ్య చెప్తాను. తాటాకైతే పురుగు పట్టి పోతుంది, రాగి నిలుస్తుంది. దేని మీద రాస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందో వాళ్ళు ఆలోచించారేమో అనిపిస్తుంది.

ఫ్యాబ్రికేషన్ షాపు సభ్యుడు:

ఇందాకటి ‘పూత’ దగ్గర ఒక మాట. మేం తగరపు రేకు అని అమ్మేదాంట్లో తగరం ఉండదు. ఇనుప రేకు మీద జింకు పూత ఉంటుంది, అంతే. నిజంగా తగరం పూసిన రేకు బిస్కెట్ డబ్బాల్లో చూస్తాం. పేరు నమ్మి పదార్థం అనుకుంటే దెబ్బతింటాం. చిన్నప్పటి నుంచి ‘సిల్వర్ గిన్నె’ అంటున్నాం, అది అల్యూమినియం.

అలాగే పూత వేరు, తాపడం వేరు. పూసేది పూత. విడిగా ఉన్న రేకుని ఇంకోదాని మీద పరిచి బిగిస్తే తాపడం. గోపురానికి బంగారు తాపడం అంటాం చూడండి. ప్లైవుడ్ మీద లామినేట్ అంటించే పనికి కూడా ఆ మాట వాడుకోవచ్చు. ఎవరూ వాడటం లేదు, నాకు బాధగా ఉంటుంది.

మళ్ళీ నేను:

తాపడం! ఇన్నేళ్ళూ గుళ్ళో వింటూనే ఉన్నాను, వర్క్‌షాపులోకి తెచ్చుకోవాలని తట్టలేదు. మా పిల్లలకి రేపే చెప్తాను.

సరే, చీటీల సంగతి. ఆకారం ఒక వరసలో, పదార్థం దాని కింద ఇంకా పెద్ద అక్షరాల్లో, మందం మిల్లీమీటర్లలో. మెషీనుకి ముఖ్యమైంది పదార్థమే. ‘పలక’ అని ఎంత చక్కగా రాసినా యాక్రిలిక్కో పీవీసీయో చెప్పకపోతే మళ్ళీ మొదటికే వస్తాం. పీవీసీ ర్యాకుకి ఎర్ర చీటీ పెట్టి, ‘లేజర్ కింద పెట్టకూడదు’ అని రాస్తున్నాను. ప్లైవుడ్డు, ఎండీఎఫ్, యాక్రిలిక్కులకు పలక. లోహాలకు రేకు. త్రీడీ ప్రింటరు ఒకదాని మీద ఒకటి పరిచే 0.2 మిల్లీమీటర్ల వరసలకు పొర.

ఒకటి మిగిలింది. ప్రింటరుకి చుట్టలుగా వచ్చే పీఎల్ఏ అనే ప్లాస్టిక్. మొక్కజొన్న వంటి వాటి పిండిపదార్థం నుంచి చేస్తారు, 1.75 మిల్లీమీటర్ల లావు. దాన్ని పోగు అనాలా, తీగ అనాలా?

చేనేత కుటుంబం నుంచి ఒక సభ్యుడు:

పోగు అనకండి సార్. పోగుని వేలికి చుట్టి వదిలితే మెత్తగా పడిపోతుంది. మీరు చెప్పేది చుట్టలోంచి తీసినా వంకర పోదు, ఎక్కువ వంచితే విరుగుతుంది. మా మగ్గం దగ్గర దాన్ని ఎవరూ పోగు అని ఒప్పుకోరు. తీగ అని రాయండి.

మళ్ళీ నేను:

తీగే. రాసేశాను.