ఏడేళ్ళ బాబుకి ఇన్సులిన్ సూది పెన్నులు మాని పంపు పెట్టించాలా? వాడుతున్నవాళ్ళు చెప్పండి

కాకినాడ అమ్మ:
మా బాబుకి ఏడేళ్ళు, 22 కేజీలు. ఐదో ఏట టైప్ వన్ షుగర్ జబ్బు (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు) బయటపడింది. రాత్రికి ట్రెసిబా (రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్), తిన్నప్పుడల్లా నోవోరాపిడ్ (త్వరగా పనిచేసే రాపిడ్ రకం), అంతా కలిపి రోజుకి పద్నాలుగు యూనిట్లు. పోయినసారి మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో 8.1 శాతం వచ్చింది. పంపు గురించి ఆలోచించుకోండి అన్నారు డాక్టరుగారు, బలవంతమేమీ లేదు. ఒంటికి అతికి షుగర్ చూపించే సెన్సార్‌తో కలిపి వాడే ఆటోమేటిక్ పంపు మాకు ఐదు లక్షలు దాటి చెప్పారు, ఆపైన నెలనెలా సెట్లకీ సెన్సార్లకీ ఇరవై వేల పైమాటే. మా ఇన్సూరెన్సులో రాదట. మా ఆయన బంగారం తాకట్టు పెట్టయినా కొందాం అంటారు, నాకేమో అంత పోశాక పనికిరాకపోతే ఏం చేస్తాం అని టెన్షన్.

అసలు నన్ను కదిలించింది వేరే. పొద్దున్న వాడికి రెండు ఇడ్లీలకి ఒక యూనిట్. తిన్నాక ఇంకోటి కావాలంటే మళ్ళీ అర యూనిట్ పొడవాలి. నెల రోజులుగా చూస్తున్నా, మూడో ఇడ్లీ అడగడం మానేశాడు. చట్నీ గిన్నె నాకేసి లేచిపోతున్నాడు, ఆకలి లేదా నాన్నా అంటే లేదంటాడు.

పంపు పెట్టాక నిజంగా సులువవుతుందా? రాత్రి నిద్ర ఉంటుందా? బడిలో ఎవరు చూస్తారు?

కూకట్‌పల్లి నుంచి:
అక్కా, మా పాపకి తొమ్మిదేళ్ళు, పంపు పెట్టి రెండేళ్ళయింది. మూడో ఇడ్లీ బాధ మాత్రం తీరుతుంది, అది ముందే చెప్తున్నా. పొట్ట మీదో వెనకాలో ఒక సెట్ (పంపు నుంచి ఇన్సులిన్ వెళ్ళే సన్న గొట్టం) పెడితే రెండు మూడు రోజులు అదే ఉంటుంది, ఇంకో ఇడ్లీ తింటే బటన్ నొక్కడమే. అదీ 0.45 అంటే 0.45 యూనిట్టే వెళ్తుంది. పెన్నులో అర కంటే చిన్న మెట్టు లేదు కదా, పద్నాలుగు యూనిట్ల పిల్లాడికి ఒక్క యూనిట్ షుగర్‌ని 120, 130 పాయింట్లు దించేస్తుంది, అలాంటప్పుడు పావు యూనిట్ కూడా చిన్న విషయం కాదు. మా పాపకి తెల్లవారుజామున మూడింటి నుంచి షుగర్ పైకి పాకేది, దాని కోసం లాంటస్ (అదీ లాంగ్ యాక్టింగే) పెంచితే మధ్యాహ్నం డ్రిల్ పీరియడ్‌లో షుగర్ మరీ పడిపోయేది. పంపులో గంటగంటకీ వేరుగా పెట్టుకోవచ్చు, సెన్సార్‌తో పనిచేసేదయితే అదే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. నిద్ర అంటారా, మొదటి నెల అలారాలకి అసలు లేదు, ఇప్పుడు వారంలో ఐదు రాత్రులు పడుకుంటున్నా.

కానీ తిండి లెక్క అది చేయదు. పులిహోర ఎంత తిన్నదో మనమే చెప్పాలి, అదీ తినకముందే. కార్బ్ లెక్క (తిండిలో పిండిపదార్థం ఎంతో చూసే లెక్క) రాకుండా కొంటే ఆ ఐదు లక్షలూ దండగే, కోపం తెచ్చుకోకండి.

బడిలో మా టీచరమ్మ ఫోన్ చేస్తుంది, నేను అంకె చెప్తా, పాపే నొక్కుకుంటుంది. మీది సీబీఎస్ఈ అయితే 2017 సర్క్యులర్ చూపించండి, పది, పన్నెండు పరీక్షలకి టైప్ వన్ పిల్లలు తినేవి లోపలికి తీసుకెళ్ళొచ్చని ఉంది. మీ వాడికి పరీక్షలు ఇప్పుడే లేకపోయినా ప్రిన్సిపాల్‌గారితో మాట మొదలెట్టడానికి మాకు అదే పనికొచ్చింది.

గుంటూరు నాన్న:
నేను రెండోవైపు చెప్తానండి. మేం ఏడాది వాడి మళ్ళీ పెన్నులకి వచ్చేశాం, కారణం సగం డబ్బు, సగం భయం.

పంపులో లాంగ్ యాక్టింగ్ ఉండదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. లోపలికి వెళ్ళేదంతా రాపిడే, చుక్కచుక్కగా. అది ఆగిందంటే ఒంట్లో వెనక నిల్వేమీ ఉండదు, నాలుగైదు గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ లేక రక్తంలో పేరుకునే ఆమ్లాలు) మొదలవుతాయి. సంక్రాంతికి ఊరెళ్ళాం, రాత్రి పదకొండింటికి సెట్ మార్చి పడుకోబెట్టాను, లోపల కాన్యులా (చర్మం కింద ఉండే సన్న గొట్టం) వంగిపోయింది. ఎక్కడో మూలగదిలో పంపు అలారం కొట్టిందో లేదో కూడా తెలీదు, బయట భోగిమంటల గోల. తెల్లారేసరికి షుగర్ 460, వాంతులు. మా అమ్మ అరిసెలు తిన్నాడేమో అంటోంది, నాకేమో వాడి నోట్లోంచి కీటోన్ల వాసన తగలగానే కాళ్ళు వణికాయి. రెండు రోజులు ఐసీయూ.

తప్పు నాదే, ట్రైనింగ్‌లో చెప్పారు కూడా. పడుకునే ముందు సెట్ మార్చకూడదు, పొద్దున్నే మార్చి రెండు గంటలాగి చూసుకోవాలి. షుగర్ 250 దాటి, బోలస్ (బటన్ నొక్కి ఒకేసారి ఇచ్చే డోసు) ఇచ్చినా దిగకపోతే పంపుని నమ్మి కూర్చోకుండా కీటోన్ చూసి, పెన్నుతో సూది వేసి, సెట్ మార్చేయాలి. ఎంత వేయాలో డాక్టరుగారితో ముందే కాగితం మీద రాయించుకోండి, ఆ గాభరాలో లెక్కలు రావు. పంపు ఉన్నా ఇంట్లో పెన్నులూ, లాంగ్ యాక్టింగూ ఉండాల్సిందే.

ఇంకోటి, పంపులో పోసేది 100 ఐయూ రకం, అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్లుండేది. మెడికల్ షాపుల్లో 40 ఐయూ సీసాలు కూడా ఉంటాయి, చూడకుండా తెచ్చుకోకండి. మన మే నెల చెమటకి ప్లాస్టర్ లేచిపోతుంది, పైన ఇంకో టేపు తప్పదు.

డల్లాస్ తెలుగమ్మాయి:
మా వాడికి ట్యూబ్ లేకుండా ఒంటికే అతికే పాచ్ పంపు, ఆమ్నిపాడ్ 5. దీన్ని ఇక్కడ 2022 ఆగస్టులోనే రెండేళ్ళు నిండిన పిల్లలకి అనుమతించారు. మూడు రోజులకోసారి పాడ్ మార్చడమే, స్నానానికి తీయక్కర్లేదు. ఖర్చు చాలావరకు ఇన్సూరెన్సే కడుతుంది కాబట్టి కొనండి అని నేను తేలిగ్గా అనేస్తే బాగోదు. నాకు తెలిసిందల్లా, మాకు సగం తేడా సెన్సార్‌తోనే వచ్చేసింది, పంపు ఏడాది తర్వాత పెట్టాం. డబ్బు కష్టమైతే బంగారం జోలికి వెళ్ళకుండా ముందు సెన్సార్ ఒక్కటి రెండు నెలలు పెట్టి చూడండి అక్కా.

కూకట్‌పల్లి నుంచి:
గుంటూరు అన్నయ్య చెప్పింది నిజమే, మాకూ రెండుసార్లు వంగింది, పగలు కాబట్టి సరిపోయింది. నేను ఆదివారం పొద్దున మారిస్తే ఇక వారమంతా పొద్దున్నే పడేలా చూసుకుంటా.

కాకినాడ అమ్మ:
అందరికీ థాంక్సండీ. గుంటూరు అన్నయ్యగారి పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను, బంగారం మాట మళ్ళీ ఎత్తలేదు. ముందు సెన్సారే పెట్టిస్తాం, కీటోన్ స్ట్రిప్స్ ఇవాళే తెప్పించాను, ఇన్నాళ్ళూ ఇంట్లో లేనే లేవు. వంటింటి తూకం కూడా కొన్నాం, మా ఇడ్లీ ఒకటి 42 గ్రాములు తూగింది. నేనింతకాలం కంటికి కొలతేసి అన్నీ ఒకటే అనుకున్నా, పళ్ళెంలో అంచువి నడిమివాటి కంటే పెద్దవి!

పంపు సంగతి వాడినీ అడిగాను. ఫోన్లో బొమ్మ చూసి కాసేపు ఆలోచించి, "బొడ్డు దగ్గర వద్దు, వెనకాలైతే సరే, బళ్ళో ఎవరికీ కనపడదు" అన్నాడు.