గ్లూవైన్ మరిగించాలా, వెచ్చబెడితే చాలా?

చలిపులి_మ్యూనిక్:
డిసెంబర్ 20న మా ఇంటికి పాతికమంది వస్తున్నారు. మొన్న క్రిస్మస్ మార్కెట్‌లో గ్లూవైన్ (మసాలా వేసి వేడిచేసిన వైన్) తాగినప్పటి నుంచి ఇంట్లో చేయాలని ఒకటే సరదా. రెడ్ వైన్ ఆరు సీసాలు తెచ్చాను, మసాలా దినుసులు ఇండియన్ షాపులో దొరికాయి. ఎంతసేపు మరిగించాలి? అన్నట్టు అమ్మానాన్న కూడా విజిటర్ వీసా మీద ఇక్కడే ఉన్నారు.

డ్రెస్డెన్_బాబాయ్:
మరిగించకు తమ్ముడూ. 1434 నుంచి క్రిస్మస్ మార్కెట్ పెడుతున్న ఊళ్ళో 11 ఏళ్ళుగా ఉంటున్నాను, నా మాట విను. సీసాకి ఒక దాల్చిన చెక్క పుల్ల, నాలుగు లవంగాలు, ఒక అనాసపువ్వు, మూడు చెంచాల పంచదార. ముందు ఇవన్నీ నారింజ రసంలో వేసి పది నిమిషాలు కాచు. తర్వాత వైన్ పోసి సన్నసెగ మీద పెట్టు. పైన ఆవిరి లేవాలి, బుడగ మాత్రం రాకూడదు. వేడెక్కాక లవంగాలు తీసెయ్, లేకపోతే నాలుక మొద్దుబారుతుంది. వచ్చిన మొదటి చలికాలం నేనూ తళతళా మరిగించాను. గరిటెకి చింతపండు పులుసులా నల్లగా పట్టింది, ఒకటే చేదు. మొత్తం సింకులో పోశాను.

మిరియాలచారు:
బాబాయ్ గారూ, మీరు మాడబెట్టుకుంటే తప్పు వైన్‌దా? మా అమ్మమ్మ కషాయం పెడితే నాలుగో వంతు మిగిలేదాకా కాచేది. మసాలా సారం దిగాలంటే మరగాల్సిందే. పైగా 78 డిగ్రీల దగ్గరే ఆల్కహాల్ ఆవిరైపోతుంది కాబట్టి అరగంట కాస్తే పెద్దవాళ్ళూ నిశ్చింతగా తాగొచ్చు.

డ్రెస్డెన్_బాబాయ్:
78లో మరిగేది అచ్చమైన ఆల్కహాల్. నీళ్ళలో కలిసి ఉన్నది అలా ఒక్కసారిగా ఎగిరిపోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక చూడండి: సన్నసెగ మీద 15 నిమిషాలు ఉడికిస్తే అందులో ఉన్న ఆల్కహాల్‌లో 40 శాతం మిగులుతుంది, అరగంటకి 35, గంటకి కూడా 25. అంతా పోవాలని కాస్తూ కూర్చుంటే మిగిలేది లేహ్యమే. అసలు గ్లూవైన్ అనే పేరుతో అమ్మాలంటే ఇక్కడ కనీసం 7 శాతం ఆల్కహాల్ ఉండాలని యూరప్ నిబంధన.

పెసరట్టు_63:
ఉప్మా ఉంటుందా ఆ రోజు?

మిరియాలచారు:
మనం అమ్ముతున్నామా నిబంధనలు చూడ్డానికి? నాలుగేళ్ళుగా నేను అలాగే కాస్తున్నాను, ఎవరూ తూలి పడలేదు.

శబరి_దారి:
తూలి పడాలా? పోయినేడు మాలలో ఉన్నాను, దీక్ష ముగియడానికి ఇంకా పది రోజులుంది. తెలిసినవాళ్ళ పాప పుట్టినరోజు. ఏమీ తిననని ముందే చెప్పాను. చలికి వణుకుతున్నావు స్వామీ అని గ్లాసు చేతిలో పెట్టారు. ఇదేంటని అడిగితే "పండ్ల కషాయం, బాగా మరిగింది, ఏమీ ఉండదు" అన్నారు. రెండు గుక్కలు తాగాను. మర్నాడు గ్రూపులో ఫొటోలు పెడితే పొయ్యి పక్కన వరసగా ఖాళీ సీసాలు. ఇక్కడ "నిశ్చింతగా" అన్న మాట చూడగానే ఒళ్ళు మండింది.

మిరియాలచారు:
స్వామీ, బాధ అర్థమైంది. కానీ మాలలో ఉండి పార్టీకి వెళ్ళడమేంటి?

శబరి_దారి:
పుట్టినరోజుకి వెళ్ళాను, పార్టీకి కాదు. నోరు తెరిచి అడిగాను కదా! పేరు చెప్పి ఉంటే దణ్ణం పెట్టి పక్కన పెట్టేవాణ్ణి.

మిరియాలచారు:
సరే, ఉన్నమాట చెప్తాను. మా అత్తగారు ఆరు నెలలు మాతోనే ఉంటారు. వైన్ అంటే ఇంట్లో పెద్ద గొడవ. అందుకే మేమంతా కషాయం అంటాం, అందరికీ మరిగించిందే పోస్తాం. వండేటప్పుడు వాళ్ళ ముందు దొంగలా సీసాలు దాచుకునే టెన్షన్ మీకెవరికీ తెలీదు. మరిగిస్తే మందు పోతుందని నిజంగానే నమ్మాను, నమ్మాలనిపించింది కూడా.

డ్రెస్డెన్_బాబాయ్:
అదీ సంగతి. రెండు రోజుల నుంచి నేను థర్మామీటర్ పట్టుకుని వాదిస్తున్నాను, ఇక్కడ గొడవ సెగది కాదు, అత్తగారిది. మీరు తాగడం తప్పనుకుంటే మానండి. తప్పు కాదనుకుంటే ఆవిడకే చెప్పండి. తెలియకుండా ఆవిడ చేత తాగించడం మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు.

మిరియాలచారు:
దూరం నుంచి చెప్పడం తేలిక. మీ ఇంట్లో అత్తగారు లేరుగా.

చలిపులి_మ్యూనిక్:
నేను రెండు గిన్నెలు పెడతాను. ఒకదాంట్లో వైన్, ఇంకోదాంట్లో ద్రాక్షరసం, ఆపిల్ రసం కలిపి అదే మసాలాతో కిండర్‌పున్ష్, అంటే మందు లేని పిల్లల రకం. గరిటెలు కూడా వేరే. మూతల మీద తెలుగులో పెద్దక్షరాలతో రాస్తాను. నాన్న ఏది తీసుకుంటారో ఆయన ఇష్టం.

శబరి_దారి:
గరిటెలు వేరే అన్నావు చూడు, అది నచ్చింది.

పెసరట్టు_63:
వైన్ కుక్కర్‌లో పెడితే ఎన్ని విజిల్స్ రావాలి?

డ్రెస్డెన్_బాబాయ్:
ఎవరయ్యా ఇతను!