ప్రవరుడి మధ్యాహ్నం: చూత్కారమా, ఛీత్కారమా?

కృష్ణాతీరం: హిమానీనదాల మీద వ్యాసం రాస్తూ, పెద్దన మనుచరిత్రలో పసరు మహిమతో హిమాలయానికెళ్లిన ప్రవరుడు మధ్యాహ్నమైందని గుర్తించే పద్యంలో "భానుతప్త రవికాంతస్యంది నీహారకందళ..." దగ్గర ఆగిపోయాను. తర్వాత చూత్కారమా, ఛీత్కారమా? పుస్తకం ఊళ్లో ఉండిపోయింది.

పద్యాలపిచ్చి: "చూత్కార పరంపరల్ పయిపయిన్ మధ్యాహ్నముం దెల్పెడిన్". ఛీత్కారాలకు, ప్రవరుణ్ణి వలచి ఛీ కొట్టించుకునే వరూధిని రావాలి, ఇంకా టైముంది.

గణవిభజన: ఏదైనా "త్కా" ముందు గురువే (దీర్ఘంగా పలికే అక్షరమే). ఈ పద్యం ఛందస్సు మత్తేభం ఇందులో తీర్పు చెప్పదు. మా మాస్టారు "ఫూత్కార" అనే చదివేవారు.

పద్యాలపిచ్చి: ఫూత్కారం పాముదండీ. కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే "చుయ్" మంటుందే, అదీ చూత్కారం. పెద్దన చెవంటే మాటలా!

లెక్కలసారు: చప్పుడు సరే, పద్యంలో ఎండకి కాగిన ఆ రవికాంతం రాయిని చూడండి. కొత్తమంచు తనమీద పడ్డ వెలుగులో 80 శాతానికి పైగా వెనక్కి కొట్టేస్తుంది. రాయి అలా కాదు, చాలాభాగం మింగేసి పరారుణ కిరణాలుగా వదులుతుంది. ఎండని రానిచ్చిన గాలే వీటిని మాత్రం తేలిగ్గా పోనివ్వదు, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పట్టేస్తాయి. ఆ పట్టే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు కాదు, మైనస్ 18. "భానుతప్త"లో సగం హరితగృహ ప్రభావం ఉంది.

గణవిభజన: ఇప్పుడు దానికి మన పొగగొట్టాలూ తోడయ్యాయి. పెద్దన నాటికి కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (గాలిలో పది లక్షల అణువులకు 280) దరిదాపుల్లో ఉండేది. హవాయిలోని మౌనాలోవా కొండ మీద కొలవడం మొదలెట్టిన 1958లో 315, ఇప్పుడు 420 దాటింది.

పద్యాలపిచ్చి: అయ్యా, రవికాంతం మామూలు బండరాయి కాదు, సూర్యకాంతమణి. ఎండ సోకితే నిప్పు కక్కుతుందని కవిసమయం. దానికీ పరారుణమేనా?

లెక్కలసారు: అయితే "స్యంది" సంగతి చెప్పండి. మణి మీదకి కారే మంచా, మణి వేడికి కరిగి కారే మంచా?

గోదారిగట్టు: ఇవాళైతే ప్రవరుడికి చిక్కే లేదు, కాళ్లకు పూసుకున్న ఆ పసరు కరిగి ఇంటికి పోలేకపోవడానికి మంచుండాలిగా! హిందూకుష్ హిమాలయాల్లో 2011–2020 మధ్య హిమానీనదాలు అంతకుముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా తరిగాయని 2023లో ఇసిమోడ్ (కాఠ్మండులోని పర్వత ప్రాంతాల అధ్యయన సంస్థ) నివేదిక చెప్పింది.

పద్యాలపిచ్చి: పసరు కరిగింది మంచునీటికి! మంచు ఎంత కరిగితే నీళ్లు అంత ఎక్కువ. పాపం, ఇంకా పెందలాడే ఇరుక్కునేవాడు.

కృష్ణాతీరం: మరి చూత్కార అనే వేసేయనా? రేపు పొద్దున్నే పంపాలి.

గణవిభజన: ఆగండి, ముందు ఆ "స్యంది" తేలనివ్వండి.