మన సంఘం స్వర్ణోత్సవ సావనీర్: పాత స్లైడ్లకు ఏ స్కానర్?

ఫొటోల బాధ్యత, సోమవారం రాత్రి:
శుక్రవారం లోపు ఫొటోలు పంపకపోతే సావనీర్ ఉగాదికి అందదని ప్రింటరు తేల్చి చెప్పాడు. మిగిలిన పనులు: 1. స్కానర్ 2. ఫొటోల్లో ఎవరెవరో పేర్లు రాయించడం 3. స్టేజి తెర మీదికి స్లైడ్‌షో. పెట్టెలో 600 దాకా స్లైడ్లు (చిన్న చట్రాల్లో బిగించిన ఫిల్ము ముక్కలు), కొన్ని నలుపు తెలుపు నెగటివ్‌లు ఉన్నాయి. నా ఓటు ఎప్సన్ వి600కి, ఒకేసారి 4 స్లైడ్లు పడతాయి. వి850లో 12 పడతాయి కానీ వెయ్యి డాలర్లు దాటుతుంది. ప్లస్‌టెక్ 8200ఐలో వివరం ఇంకా బాగా వస్తుంది, కాకపోతే ఒక్కో స్లైడునూ చేత్తో జరుపుకోవాలి. సరే అంటే ఇప్పుడే ఆర్డర్ పెడతా.

కోశాధికారి:
ఆగు తమ్ముడూ. హాలు వాళ్ళు కొత్తగా ఇన్సూరెన్స్ అడిగారు. స్కానర్‌కి తీసిపెట్టిన 400 అందులోకే వెళ్ళింది.

ఫొటోల బాధ్యత:
ఇప్పుడా చెప్పేది? రెండు స్వీట్లకు డబ్బులుంటాయి, యాభై ఏళ్ళ ఫొటోలకు ఉండవు!

భోజనాలు:
స్వీటు జోలికి రాకండి. పోయినసారి ఒక్కటే పెడితే ఎవరెవరు ఏమన్నారో నాకు గుర్తుంది.

హాలు:
ఇన్సూరెన్స్ నేను అడగలేదు మహాప్రభో, వాళ్ళ రూలు.

పాత అధ్యక్షులు:
డబ్బున్నా గట్టెక్కం నాయనా. స్కానర్లో దుమ్మూ గీతలూ తీసే డిజిటల్ ఐస్ అనే సదుపాయం పెడితే స్లైడుకి మూడేసి నిమిషాలనుకో, 600కి 30 గంటలు. పైగా అందులో సగం కోడాక్రోమ్, అదే కోడాక్ వాళ్ళ పాత స్లైడు ఫిల్ము. ఐస్ దుమ్మును పరారుణ కాంతితో పసిగడుతుంది. కోడాక్రోమ్ మీద దాన్ని నమ్మలేం, వెండితో బొమ్మ కట్టే నలుపు తెలుపు ఫిల్ము మీద అసలు పనిచేయదు. మా అబ్బాయి దగ్గర 24 మెగాపిక్సెల్ కెమెరా, బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సు ఉన్నాయి. కింద లైట్ ప్యానెల్, దాని మీద స్లైడు, పైన స్టాండుకి బిగించిన కెమెరా. క్లిక్‌మంటే ఒకటి అయిపోయినట్టే.

ఫొటోల బాధ్యత:
బాబాయ్, అచ్చులో మసకగా రావు కదా?

పాత అధ్యక్షులు:
11 అంగుళాల పేజీకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 3300 కావాలి. ఈ కెమెరాలో పొడవునా 6000 వస్తాయి. ప్యానెల్ మాత్రం సి.ఆర్.ఐ. (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95కి తగ్గనిది కావాలి, లేకపోతే చీరల రంగులన్నీ పాడవుతాయి.

కోశాధికారి:
ప్యానెల్, దుమ్ము ఊదే బ్లోయర్ నేను తెస్తా. నా జేబులోంచే, రసీదు అడగొద్దు.

ఫొటోల బాధ్యత:
అక్కా, కోపం పోయిందా? మీ గరాజ్‌లో టేబుల్ కావాలి.

భోజనాలు:
పోలేదు. టేబుల్ ఖాళీ చేయించాను. తలుపు దించేస్తా, బయటి వెలుగు పడదు. గురువారం ఆరింటికి రండి, పులిహోర ఉంటుంది. చేతులు కడుక్కున్నాకే స్లైడ్లు ముట్టుకోండి.

హాలు:
600 ఎందుకు? ముందు ప్యానెల్ మీద పరిచి, సావనీర్‌కి పనికొచ్చేవి ఏరుదాం. నెగటివ్‌లు ఉగాది తర్వాత.

పాత అధ్యక్షులు:
స్లైడుకి మెరుపు తక్కువున్నది ఎమల్షన్ వైపు, అంటే బొమ్మ ఉండే పూత వైపు. అది కిందికి ఉండాలి, లేకపోతే బొమ్మ ఎడమ కుడి తారుమారవుతుంది. అనుమానమొస్తే పైట చూడండి, కుడి భుజం మీదుంటే తిరగేసి పెట్టినట్టే.

భోజనాలు:
గుజరాతీ కట్టు కట్టుకున్నవాళ్ళు కనిపిస్తే మాత్రం నన్ను పిలవండి.